సైన్యద్వారమున గణితము

తెనాలి పట్టణము నడుమ మూడు కాలువలు ప్రవహించుచున్నవి. కృష్ణా పశ్చిమ డెల్టా నీరు దిగువకు సాగి రేపల్లె సీమలోని వరిమళ్ళను తడుపుచున్నది. పడమటి ప్రక్కన కొమ్మమూరు కాలువ బాపట్ల దిక్కునకు పోవుచున్నది. ఈ మూడు ఊళ్ళవారికిని కాలువ నిత్యపరిచితమైన వస్తువు. అయితే ఈ కాలువలకును, నేడు ఈ ఊళ్ళలోని యువతీయువకులు సైన్యములో చేరుటకై వ్రాయుచున్న గణిత విజ్ఞాన పరీక్షలకును దగ్గరి చుట్టరికము కలదన్న సంగతి చాలమందికి తోచదు. ఆ చుట్టరికమును వివరించుటయే ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

ఇంటర్మీడియటులో ఎం.పి.సి. చదువుచున్న పిల్లవాడు ఒకడు గాలిసేనలో చేరవలెనని ఉబలాటపడును. పరీక్షకు కావలసిన పుస్తకములు తెచ్చి ముందు పెట్టుకొనును. వాటిని తిరుగవేసిన తాతగారు, "తుపాకి పట్టువానికి త్రికోణమితి యెందుకురా?" అని అడుగుదురు. ప్రశ్న సహేతుకమైనదే. పరుగు పందెములు, దేహదార్ఢ్యము, ధైర్యము అనునవి సైనికునకు కావలెనన్న అందరును ఒప్పుకొందురు. వర్గసమీకరణములు, లోలకపు డోలనకాలము, విద్యుద్వలయములు కూడ ఏల కావలెను? దీనికి సమాధానము కొరకు మనము సుమారు రెండువందల డెబ్బది యెనుబది సంవత్సరములు వెనుకకు పోవలెను.

ఆ కాలమున ఐరోపా రాజ్యములలో సైన్యాధికారి పదవి చాలవరకు పుట్టుకను బట్టియో, ధనమును బట్టియో లభించెడిది. ఇంగ్లండులోనైతే పదాతిదళమునందును, అశ్వదళమునందును పదవులకు ధర కట్టియుండిరి. లెఫ్టినెంటు పదవికొక వెల, కెప్టెను పదవికొక వెల. డబ్బు చెల్లించినవాడు అధికారి యగును. చెల్లించలేనివాడు ఎంతటి సమర్థుడైనను వెనుకబడును. ఈ క్రయవిక్రయములు 1871వ సంవత్సరమువరకు సాగినవి. కాని అదే దేశములో, అదే కాలమున, ఫిరంగిదళమునందును ఇంజనీరుదళమునందును ఈ బేరము చెల్లలేదు. ఆ దళముల అధికారులకు శిక్షణ నిచ్చుటకై 1741లో ఊలిచ్ నగరమున ఒక విద్యాలయము స్థాపింపబడెను. అందు ప్రధానపాఠము గణితము.

ఈ భేదమునకు కారణము సులభగ్రాహ్యము. ఫిరంగిగుండు ఎంత దూరమున పడునో నిర్ణయించునది గొట్టము వాలు, మందు బలము, గుండు బరువు, గాలి అడ్డు. అధికారి వంశమును గాని, తండ్రి సంపదను గాని గుండు లెక్కచేయదు. కోటగోడ ఎంత మందముండవలెను, వంతెన ఎంత బరువు మోయును అను విషయములును అట్టివే. లెక్క తప్పినచో గుండు తనవారిమీదనే పడును. వంతెన తన దండుతోనే కూలును. కనుక ఇచ్చట ధనమునకు, కులీనతకు అమ్ముడుపోని కొలత యొకటి అవసరమయ్యెను. ఆ కొలతయే పరీక్ష.

ఫిరంగివిద్యను శాస్త్రముగా మార్చిన మహనీయులలో బెంజమిన్ రాబిన్స్ అను ఆంగ్లేయుడు ముఖ్యుడు. ఆయన 1742లో ఒక గ్రంథము ప్రకటించెను. అంతకుముందు, గాలి అడ్డును లెక్కింపనక్కరలేదనియు, గుండు పరావలయ మార్గమున పోవుననియు చాలమంది తలచెడివారు. రాబిన్స్ ఒక బరువైన చెక్కను లోలకముగా వ్రేలాడదీసి, దానిమీదికి గుండును కాల్చి, అది ఎంత ఊగెనో కొలిచి, దానినిబట్టి గుండు వేగమును గణించెను. వేగముగా పోవు గుండునకు గాలి కలిగించు అడ్డు అందరును ఊహించినదానికంటె ఎన్నోరెట్లు ఎక్కువయని ఈ ప్రయోగమువలన తేలెను. గణితశాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడైన ఆయిలరు ఈ గ్రంథమును జర్మను భాషలోనికి అనువదించి వ్యాఖ్యానము కూడ వ్రాసెను. ఈ రాబిన్స్ తన చివరిదినములలో ఈస్టిండియా కంపెనీ కొలువున ఇంజనీరుగా దక్షిణభారతమునకు వచ్చి, కడలూరు చెంతనున్న సెయింట్ డేవిడ్ కోటలో 1751లో మరణించెను. నేటికిని భౌతికశాస్త్ర పరీక్షలలో ఆయన లోలకమునుగూర్చిన లెక్క కనిపించుచునే యున్నది.

ఫ్రాన్సుదేశములో జరిగిన ఒక పరీక్ష ఇంతకంటె ప్రసిద్ధము. 1785లో ఫిరంగిదళపు అభ్యర్థులను పరీక్షించినవాడు లాప్లాసు. గ్రహగతులను గణించిన ఆ మహాశాస్త్రజ్ఞుని యెదుట కూర్చున్న అభ్యర్థులలో కార్సికా ద్వీపమునుండి వచ్చిన పదునారేండ్ల బాలుడొకడు ఉండెను. తండ్రి ఆ సంవత్సరమే మరణించెను. ఇంటిలో ధనము లేదు. ఆ బాలుడు ఉత్తీర్ణులైన 58 మందిలో 42వ వాడుగా నిలిచి ఫిరంగిదళములో చేరెను. అతడే నెపోలియన్. విప్లవానంతరము 1794లో పారిస్‌లో స్థాపింపబడిన పాలిటెక్నిక్ విద్యాలయము ఈ మార్గమును మరింత విశాలము చేసెను. గణితమున పోటీపరీక్ష పెట్టి, నెగ్గినవారిని చేర్చుకొనుట దాని పద్ధతి.

ఇక మన కాలువల దగ్గరకు వత్తము. ఈస్టిండియా కంపెనీవారు తమ సైన్యమునకు అధికారులను తయారుచేయుటకై 1809లో లండను సమీపమున ఆడిస్కోంబు అనుచోట ఒక సైనిక విద్యాలయము నెలకొల్పిరి. అది 1861వరకు నడచెను. అచ్చటను ప్రధానవిద్య గణితమే. దానితోపాటు కోటల నిర్మాణము, చిత్రలేఖనము, సర్వే, విజ్ఞానశాస్త్రము బోధించెడివారు. చివరి పరీక్షలో ముందు నిలిచిన కొలదిమందికి ఇంజనీరుదళము, తరువాతివారికి ఫిరంగిదళము, మిగిలినవారికి పదాతిదళము లభించెడిది. 1818లో, తన పదునైదవ యేట, ఆ విద్యాలయములో చేరి, మరుసటి సంవత్సరమే మద్రాసు ఇంజనీరుదళమునకు ఎన్నికయై, 1821లో మన దేశమునకు వచ్చినవాడు ఆర్థర్ కాటన్.

కాటన్ వచ్చిన కొన్ని సంవత్సరములకే గుంటూరు సీమను నందన కరువు పీడించెను. 1832-33 సంవత్సరములలో సంభవించిన ఆ ఘోరమునే మన పెద్దలు డొక్కల కరువని చెప్పుకొనిరి. సుమారు అయిదులక్షల జనములో రెండులక్షలమంది నశించిరని నాటి అంచనా. ప్రక్కనే కృష్ణానది పారుచుండగా ఒడ్డున మనుష్యులు ఆకలిచే చచ్చిరి. నీరు లేక కాదు, నీటిని పొలమునకు మళ్ళించు లెక్క లేక. కృష్ణ నీటిని సేద్యమునకు మళ్ళింపవచ్చునను ఆలోచన అంతకు నలువది సంవత్సరముల క్రిందటనే కలదు. మైకేల్ టాపింగ్ అను సర్వే నిపుణుడు 1790 ప్రాంతములలో కృష్ణా గోదావరి ముఖములను కొలిచి, ఈ సంగతి సూచించి, 1796లో మచిలీపట్టణముననే మరణించెను. కాగితముమీది సూచన కట్టడముగా మారుటకు అరువది సంవత్సరములు పట్టినది. గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్టను కాటన్ 1847లో ఆరంభించి 1852లో పూర్తిచేసెను. ఆ వరవడిలోనే బెజవాడవద్ద కృష్ణ ఆనకట్టను కెప్టెన్ ఛార్లెస్ ఆర్ 1852లో మొదలిడి 1855లో ముగించెను. 1957లో ప్రకాశం బరాజు వచ్చి ఆ పాత ఆనకట్ట స్థానమును గ్రహించెను.

కంపెనీవారు ఈ పనులను శిస్తు రాబడికై తలపెట్టిరన్నది నిజము. ప్రజల దయనీయస్థితి వారిని ఎంత కదలించెనో, బొక్కసము అంతకంటె తక్కువగా కదలింపలేదు. అయినను ఇందు మనము గమనింపవలసిన సంగతి వేరొకటి కలదు. మైలుకు కొన్ని అంగుళముల వాలుతో నీటిని ఇన్ని ఊళ్ళకు నడపుట సామాన్యమైన లెక్క కాదు. వాలు ఎక్కువైనచో గట్లు కోసికొనిపోవును. తక్కువైనచో ఒండ్రు పేరుకొని కాలువ పూడును. ఈ లెక్క వచ్చిన మనుష్యులు ఆ పనిలో ఉండుటకు కారణము, వారు చేరిన దళమునకు ద్వారము ధనము గాక పరీక్ష యగుటయే. తెనాలి కాలువలకును సైనిక గణితపరీక్షకును చుట్టరికమని మేము చెప్పినది ఇదియే.

అయితే ఈ ద్వారము ఎవరికి తెరువబడెను? ఆడిస్కోంబు విద్యాలయములో తెలుగు బాలునకు స్థానము లేదు. అది గణితము మనకు రాకపోవుటచేత కాదు. పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెలుగు పద్యములలోనికి తెచ్చినది అప్పటికి ఏడెనిమిది శతాబ్దముల క్రిందటి మాట. ఆయన ఇంటిపేరునకు మూలమైన పావులూరు నేటి బాపట్ల జిల్లాలో ఇంకొల్లు సమీపమున నున్నది. భిన్నములు, త్రైరాశికము, క్షేత్రఫలము, వడ్డీ లెక్కలు ఆ గ్రంథము మూలమున పల్లెటూరి కరణములవరకు ప్రాకినవి. వీధిబడులలో పిల్లలు ఇసుకలో వ్రాసి ఎక్కములు వల్లించిరి.

సైనికవృత్తియు మనకు కొత్త కాదు. కంపెనీవారి తొలి సిపాయిలలో తెలుగువారు ఎంతమంది యుండిరనగా, ఉత్తరహిందూస్థానమున సిపాయికి 'తిలంగా' అనియే పేరు పడెను. అట్టి తెలుగువారికి పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకములలో సైన్యద్వారము క్రమముగా మూయబడెను. కొన్ని జాతులే వీరజాతులు, తక్కినవి కావు అను సిద్ధాంతము ఆనాటి సేనాధిపతులలో ప్రబలెను. మద్రాసు సైన్యమునకు 1881నుండి 1885వరకును, తరువాత భారతసైన్యమునకు 1893వరకును అధిపతిగానున్న రాబర్ట్స్ ఈ సిద్ధాంతమునకు ప్రముఖ ప్రవక్త. సామర్థ్యమును కొలిచి చూడకుండ పుట్టుకను చూచి మనుష్యుని త్రోసివేయు పద్ధతి అది. గణితపరీక్షకు ఇది పూర్తిగా విరుద్ధము. పరీక్ష 'నీవేమి చేయగలవు?' అని అడుగును. వీరజాతి సిద్ధాంతము 'నీవెవరి కొడుకువు?' అని అడిగెను.

ద్వారము మరల తెరచుకొనుటకు చాలకాలము పట్టెను. మొదటి మహాయుద్ధానంతరము సాండ్‌హర్స్ట్ విద్యాలయములో భారతీయులకు ఏటేట పది స్థానములు కేటాయింపబడెను. ఆ పరీక్షకు బాలురను సిద్ధముచేయుటకై 1922లో డెహ్రాడూనులో సైనిక పాఠశాల వెలసెను. 1932లో అదే డెహ్రాడూనులో భారత సైనిక అకాడమీ నలుబదిమంది కేడెట్లతో ప్రారంభమయ్యెను. గాలిసేన పుట్టినదియు ఆ సంవత్సరమే. నౌకావిద్యకై 1927లో బొంబాయిలో 'డఫరిన్' అను శిక్షణనౌకను ఏర్పాటుచేసిరి. ఆ నౌకలో చేరిన మొదటి జట్టు కేడెట్లలో రామదాసు కటారి ఒకడు. 1911లో చెంగల్పట్టులో జన్మించి, సికింద్రాబాదులో విద్యాభ్యాసము చేసిన ఈయన 1958 ఏప్రిల్ 22వ తేదీన భారత నౌకాసేనకు అధిపతి యయ్యెను. ఆ పదవినందిన మొదటి భారతీయుడు ఆయనయే. శ్రీకాకుళము ప్రాంతమువాడైన కొటికలపూడి వెంకట కృష్ణారావు 1942లో సైన్యమున చేరి, 1981 జూన్ 1వ తేదీన భారత సైన్యమునకు అధిపతి యయ్యెను. మీకు వీరత్వము లేదని త్రోసివేయబడిన దక్షిణదేశమునుండి వచ్చిన సమాధానమిది.

స్వాతంత్ర్యానంతరము మూడుసేనల బాలురకు ఒకేచోట శిక్షణ యిచ్చు పద్ధతి 1949 జనవరిలో డెహ్రాడూనున ఆరంభమై, 1955 జనవరి 16వ తేదీన పూనా సమీపమునగల ఖడక్‌వాస్లాలో జాతీయ రక్షణ అకాడమీగా ప్రతిష్ఠితమయ్యెను. అట్లే ప్రతి రాష్ట్రమునను సైనికపాఠశాలలు నెలకొల్పవలెనను నిర్ణయము ననుసరించి 1962 జనవరి 18న విజయనగరము దగ్గర కోరుకొండలో మన పాఠశాల తెరువబడెను. రాయలసీమలో కలికిరి పాఠశాల 2014లో వచ్చినది. బాలికలకు ఈ ద్వారములు మరింత ఆలస్యముగా తెరచుకొన్నవి. 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వువలన ఆ నవంబరులో జరిగిన జాతీయ రక్షణ అకాడమీ పరీక్షకు బాలికలు మొదటిసారి కూర్చుండిరి. 2022లో చేరిన తొలి జట్టులో 17 మంది 2025 మే నెలలో శిక్షణ ముగించుకొని బయటికి వచ్చిరి.

ఇప్పుడు పరీక్షల స్వరూపమును చూతము. సైనికపాఠశాలల ఆరవతరగతి ప్రవేశపరీక్షకు మొత్తము 300 మార్కులు. అందులో గణితమునకే 150. తొమ్మిదవతరగతి పరీక్షకు 400 మార్కులు, గణితమునకు 200. అనగా రెండింటను సగము గణితమే. ఆరవతరగతి పరీక్షను తెలుగులోనే వ్రాయవచ్చునను సంగతి మన గ్రామములలోని తల్లిదండ్రులు గుర్తింపవలెను. జాతీయ రక్షణ అకాడమీ వ్రాతపరీక్ష 900 మార్కులకు జరుగును. గణితమునకు 300, సామాన్యసామర్థ్యమునకు 600. ఈ రెండవ పత్రములోని సామాన్యజ్ఞాన విభాగమున భౌతికశాస్త్రమునకు సుమారు నాలుగవవంతు, రసాయనశాస్త్రమునకు నూటికి పదునైదు పాళ్ళు కేటాయింపబడినవి. వ్రాతపరీక్ష నెగ్గినవారికి మరి 900 మార్కులకు మనోధైర్యమును, నడవడిని, నాయకత్వమును పరీక్షించు ఎన్నికసంఘము వేరుగా కలదు. గాలిసేనలో 2022లో మొదలైన అగ్నివీరుల భర్తీలో విజ్ఞానశాఖవారికి 60 నిమిషములలో 70 ప్రశ్నలు. వానిలో గణితమునకు 25, భౌతికశాస్త్రమునకు 25, ఇంగ్లీషునకు 20.

ఈ సంఖ్యలను చూచి భయపడనక్కరలేదు. వానినే లెక్కగా మార్చి చూడవలెను. అకాడమీ గణితపత్రమున 150 నిమిషములలో 120 ప్రశ్నలు. ప్రశ్నకు 75 సెకనులు. సరియైన సమాధానమునకు రెండున్నర మార్కులు. తప్పునకు అందులో మూడవవంతు, అనగా 0.83 కోత. ప్రతి ప్రశ్నకును నాలుగు సమాధానములు ఇయ్యబడును. ఏమియు తెలియక కన్నులు మూసికొని నాలుగు ప్రశ్నలకు గురిపెట్టినవానికి సగటున ఒకటి సరిపడును, మూడు తప్పును. రెండున్నర వచ్చును, రెండు మార్కుల నలువదితొమ్మిది వంతులు పోవును. మిగులునది సున్నకు సమానము. ఈ పరీక్షను కూర్చినవారు అదృష్టమునకు వెల లేకుండ చేసిరన్నమాట. కాని నాలుగింటిలో ఒకటి మాత్రము ఖచ్చితముగా తప్పని గుర్తించగలిగిన విద్యార్థికి అట్టి మూడు ప్రశ్నలలో ఒకటి సరిపడినను, రెండున్నరనుండి 1.66 పోగా, 0.84 మిగులును. కొంచెము తెలిసినవానికి కొంచెము ఫలము, బాగుగా తెలిసినవానికి పూర్తిఫలము. ఇంతకంటె న్యాయమైన తూకము మరియొకటి యుండదు.

ఇక ఎట్లు సిద్ధపడవలెను? సూత్రములను వల్లించుట చాలదని ఒక చిన్న ఉదాహరణము చెప్పెదము. ఒక పడవ వాలున గంటకు 12 కిలోమీటర్లు, ఎదురున గంటకు 8 కిలోమీటర్లు పోవును. కొంతదూరము పోయి, వచ్చినదారినే తిరిగి వచ్చినచో దాని సగటు వేగమెంత? తొందరపడిన విద్యార్థి 12ను 8ని కూడి రెండుతో భాగించి 10 అనును. నెమ్మదిగా ఆలోచించినవాడు దూరము 24 కిలోమీటర్లని అనుకొనును. పోవుటకు రెండుగంటలు, వచ్చుటకు మూడుగంటలు. మొత్తము 48 కిలోమీటర్లు, అయిదుగంటలు. సగటు 9.6. పడవ ఎదురున ఎక్కువసేపు గడుపును గనుక నెమ్మది వేగమునకే బరువు ఎక్కువ. ఈ కారణము మనసునకు పట్టినవాడు ఈ ప్రశ్నను రైలుగా మార్చినను, విమానముగా మార్చినను మోసపోడు. పరీక్షలో 10 అను తప్పు సమాధానము తప్పక ఒకచోట కూర్చుండి ఎదురుచూచుచుండును.

భౌతికశాస్త్రమును నేర్చుకొనుటకును మన పరిసరములే మంచి ప్రయోగశాల. చేదబావి గిలకలోను, పాతకాలపు ఏతములోను సరళయంత్రముల సూత్రములు కలవు. దుగ్గిరాల లాకులవద్ద నిలుచుండి, పూర్వము పడవలను ఒక మట్టమునుండి మరొక మట్టమునకు ఎట్లు ఎక్కించిరో, దించిరో తెలిసికొనిన బాలునకు ద్రవపీడనము పుస్తకములో మాట గాక కన్నులకు కట్టిన వస్తువగును. రైలులో కూర్చుండి ప్రక్కపట్టాలపై పోవు బండిని చూచువానికి సాపేక్షవేగము వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ చదువు ఎక్కడికి దారితీయునో బాపట్లవారికి దూరము పోకుండనే తెలియును. సముద్రపుటొడ్డున సూర్యలంకలో గాలిసేన కేంద్రము కలదు. భూమినుండి ఆకాశమునకు ప్రయోగించు క్షిపణులను అచ్చటనుండి సముద్రముమీదికి కాల్చి పరీక్షించుచుందురు. 2020 సంవత్సరాంతమున స్వదేశములో తయారైన ఆకాశ్ క్షిపణులను అచ్చట ప్రయోగించిరి. లక్ష్యము కదలుచుండును, క్షిపణియు కదలుచుండును. లక్ష్యము ఇప్పుడున్నచోటికి గురిపెట్టినచో ప్రయోజనము లేదు. అది కొన్ని సెకనుల తరువాత ఉండబోవుచోటికి గురిపెట్టవలెను. రాడారు కొలతలు, వేగముల సమీకరణములు, గాలి అడ్డు అన్నియు కూడి ఆ స్థానమును నిర్ణయించును. ఈ గణనము యంత్రమే చేయునని కొందరందురు. యంత్రము చేయును గాని, యంత్రము తప్పు చెప్పినప్పుడు గుర్తించువాడు మనుష్యుడే. ఆ యంత్రమును బాగుచేయువాడును మనుష్యుడే. తాతగారి ప్రశ్నకు సమాధానమిది. నేటి సైనికుని చేతిలో తుపాకియే కాక రాడారు, రేడియో, ఇంజను, విద్యుత్తు కూడ కలవు.

చివరగా, మాకు కలవరము కలిగించుచున్న విషయమొకటి మనవిచేయవలెను. ఈ పరీక్షలు పుట్టినది ధనముతో పదవిని కొనుక్కొను ఆచారమునకు ప్రతిగా. కాని పరీక్షకు సిద్ధపడుటకే వేలకొలది రూపాయలు చెల్లింపవలెనను నమ్మకము నేడు మన పట్టణములలో వ్యాపించుచున్నది. శిక్షణకేంద్రముల ప్రకటనలు గోడలన్నింటిని అలంకరించుచున్నవి. రుసుము చెల్లించినవాడు నెగ్గును, చెల్లింపలేనివాడు ఓడును అను స్థితియే వచ్చినచో, 1871లో ముందుదారిన పంపివేయబడిన క్రయపద్ధతి వెనుకదారిన లోపలికి వచ్చినట్లే యగును. రేపల్లె లంకలలోని కౌలురైతు కొడుకునకు, బాపట్ల తీరమున వలలాగు జాలరి కూతురునకు ఆ ద్వారము మరల మూసికొనిపోవును. మంచి గురువు చెంత చదువుకొనుటను మేము తప్పుపట్టుట లేదు. డబ్బు లేనిదే త్రోవ లేదను నమ్మకమునే తప్పుపట్టుచున్నాము.

నిజముగా త్రోవ లేదా? అకాడమీ పరీక్షలోని గణితము చాలవరకు పాఠశాల చివరితరగతులలోను, ఇంటర్మీడియటులోను చెప్పు గణితమే. సైనికపాఠశాల ఆరవతరగతి పరీక్షలోనిది అయిదవతరగతి గణితమే. వెనుకటి సంవత్సరముల ప్రశ్నపత్రములను కేంద్ర పబ్లిక్ సర్వీసు కమీషనువారే అందరికిని ఉచితముగా అందుబాటులో నుంచిరి. ఆ పత్రములను గడియారము ముందు పెట్టుకొని చేయుట, తప్పిన ప్రతిలెక్కకును ఎందుకు తప్పెనో ఒక నోటుపుస్తకమున వ్రాసికొనుట, మరుసటి వారము ఆ లెక్కనే మరల చేయుట, ఈ మూడు పనులకును రూపాయి ఖర్చు లేదు. ఉదయము గంట, సాయంకాలము గంట ఏడాదిపాటు తప్పక కూర్చుండినచో ఏడువందల గంటలు దాటును. పరీక్షకు ముందు రెండునెలలు రాత్రింబవళ్ళు చదివినదానికంటె ఈ నిలుకడ చదువే గట్టిగా నిలుచును.

మన సీమకు గ్రంథాలయములు కొత్తవి కావు. వేటపాలెములో సారస్వత నికేతనము 1918లో వెలసినది. ఊరివారు చందాలు వేసికొని, ఊరిపిల్లలకొరకు పుస్తకములు కూర్చిన సంప్రదాయము మనది. తెనాలిలోగాని, బాపట్లలోగాని, రేపల్లెలోగాని విశ్రాంతి తీసికొనుచున్న గణితోపాధ్యాయులు, సైన్యమునుండి తిరిగివచ్చిన మాజీసైనికులు ఎందరో కలరు. వారానికి రెండు సాయంకాలములు గ్రంథాలయపు మెట్లమీద కూర్చుండి పదిమంది పిల్లలకు లెక్కలు చెప్పినచో, ఏ ప్రకటనలును చేయలేని ఉపకారము జరుగును. ఇంటిలోని తల్లిదండ్రులకు త్రికోణమితి రాకపోయినను ఫరవాలేదు. పిల్ల తాను చేసిన లెక్కను వారికి మాటలలో చెప్పగలిగెనా అని విన్నచో చాలును. ఎదుటివానికి చెప్పలేనిది తనకును పూర్తిగా తెలియలేదన్నమాట.

ఇంకొక మాట. ఈ పరీక్షలలో అందరును నెగ్గరు. స్థానములు కొలది, అభ్యర్థులు వేలు. అగ్నివీరులుగా చేరినవారిలో సైతము నాలుగేండ్ల తరువాత నూటికి ఇరువదియైదుగురికి మించి సేనలో నిలువరు. కనుక సిద్ధపడునప్పుడే ఈ చదువు పరీక్షకు మించి ఉపయోగపడునట్లు చదువవలెను. నెగ్గనివానికి కంఠపాఠము చేసిన సూత్రములు మరుసటి మాసమునకు మిగులవు. అర్థము చేసికొనిన గణితము మిగులును. విద్యుత్తు పనిలోను, సర్వేలోను, సేద్యములోను, వర్తకములోను అన్నము పెట్టును. ఆడిస్కోంబులో నేర్చిన గణితము ఒకనాడు యుద్ధమునకు గాక వరిచేనికి నీరై వచ్చినది. తెనాలి, బాపట్ల, రేపల్లె పిల్లలు నేడు నేర్చుచున్న గణితము రేపు దేశమునకు ఏ రూపమున అక్కరకు వచ్చునో ముందుగా ఎవరు చెప్పగలరు? వారికి ఆ విద్య ధనముతో నిమిత్తము లేకుండ అందునట్లు చూచుట మాత్రము మన చేతిలో నున్న పని.